చింతగింజంత పీత

రాజగోపాల్ మళ్ళీ నవ్వాడు. ఓబులమ్మ కూడా నవ్వింది. పక్క బల్ల దగ్గర మైక్రోస్కోపు తుడుస్తున్న దేవేంద్రప్పకు అరికాలి మంట నెత్తికెక్కింది.

కర్నూలు రాజధాని అయిన కొత్త. ఊళ్ళో అద్దెకు గది దొరకడం గగనం. అందుకని మద్రాసు నుంచి వచ్చిన ఈ పీతల పరిశోధకుడు రాజగోపాల్‌కు దేవేంద్రప్ప గదిలోనే మంచం వేయించాడు కాలేజీ ప్రిన్సిపాల్. రాత్రంతా వాడి గురక, పగలంతా వాడి నవ్వు. మనిషన్నవాడు ఎంతకని ఓర్చుకుంటాడు?

సముద్రం జాడే లేని ఈ ఊరికి పీతను తెచ్చింది ఓబులమ్మ. మద్రాసులో చదివేటప్పుడు అలలు కొట్టే రాళ్ళ సందున చింతగింజంత పీతను పట్టి, స్పిరిట్ సీసాలో వేసి దాచుకుంది. ఇప్పుడు ఆమె, దేవేంద్రప్ప ఒకే కాలేజీలో జువాలజీ డిమాన్‌స్ట్రేటర్లు. కర్నూలు ఎండకు స్పిరిట్ ఇగిరిపోతుంటే పోస్తూ, పీత డొప్ప అంచున పళ్ళలాంటి మొనలు లెక్కపెట్టి, బొమ్మ గీసి, ఇది ఇంతవరకు ఎవరూ పేరు పెట్టని జాతి అని ఆమే తేల్చింది.

"లాటిన్‌లో మీ పేరే పెడతానండీ," అన్నాడు రాజగోపాల్. "వ్యాసం నేను రాస్తాను. సాయంత్రం రైల్లో సీసా నాతో తీసుకెళ్తాను."

అక్కడే ఉంది తిరకాసు. జాతి పేరు వెనకాలే, వ్యాసం రాసి ఆ పేరు పెట్టినవారి పేరూ అచ్చవుతుంది. అంటే ఓబులమ్మ, పక్కనే రాజగోపాల్! శుభలేఖలో వధూవరుల్లాగా, ఏ దేశంలో ఏ పుస్తకం తెరిచినా ఇద్దరూ జంటగా! దేవేంద్రప్పేమో ఇంటర్మీడియెట్ నుంచీ ఆమెను ప్రేమిస్తున్నాడు. ఇంతవరకు నోరు విప్పలేదు.

మధ్యాహ్నం వాళ్ళిద్దరూ కాఫీకి వెళ్ళారు. నమూనా లేనిదే పేరు చెల్లదు. దేవేంద్రప్ప సీసా తీసి తన టిఫిన్ క్యారియర్‌లో, జొన్నరొట్టెల కింద పెట్టేశాడు.

రాజగోపాల్ తిరిగొచ్చాడు. ఈసారి నవ్వలేదు. సీసా ఊసే ఎత్తకుండా పెట్టె తీసుకుని జట్కా ఎక్కాడు. దేవేంద్రప్పకు ఏమీ అర్థం కాలేదు.

ఓబులమ్మ వచ్చి బల్లకు ఆనుకుని నిలబడింది.

"ఏమప్పా, నీ క్యారియర్ స్పిరిట్ వాసన కొడతాండాది?"

"రొట్టెలు... నిన్నటివి."

"నిన్నటి రొట్టెలకు ఇంత ఘాటా?"

ఇక దాచి లాభం లేదు. "అవును, నేనే దాచిపెట్నా! నీ పేరు పక్కన రాజగోపాల్, ఆయప్ప పేరు పడతాంటే చూస్తా ఊరికే ఉండల్లా? నాకు కడుపు మండుతాండాది ఓబులమ్మా! నువ్వంటే నాకు శానా ఇష్టం!"

అనేశాడు. అని, తనే హడలిపోయాడు.

ఓబులమ్మ చెవులు ఎర్రబడ్డాయి. మాట మాత్రం తగ్గలేదు. "ఇష్టముంటే నాకు చెప్పల్ల గానీ, ఎండ్రకాయను దొంగిలిస్తారా?"

"ఆయప్ప ఎందుకట్ల పోయినాడు?"

"పోక ఏం చేస్తాడు? పట్టింది నేను, పండ్లు లెక్కబెట్టింది నేను, బొమ్మ గీసింది నేను. వ్యాసం కూడా నేనే రాస్తానని చెప్తి. మొగం మాడ్చుకోని పాయ."

"అయితే నీ పేరు నువ్వే పెట్టుకుంటావా?"

"ఎవురి పేరు వాళ్ళు పెట్టుకోగూడదప్పా. పిల్లోళ్ళకు పాఠం చెప్తాండావు, ఆ మాత్రం తెలీదా?"

"మరి ఎవురి పేరు పెడతావు?" దేవేంద్రప్ప గొంతులో మళ్ళీ అసూయే. ఇంకెవడున్నాడో అని.

"దేవేంద్రప్ప అని ఒగడుండాడులే. ఎండ్రకాయ మాదిరే పక్కకు పక్కకు నడుస్తాంటాడు. ఎదురుగా వచ్చి ఒక్క మాట చెప్పడు. ఆ మహానుభావుని పేరు."

దేవేంద్రప్ప క్యారియర్ మూత తీసి, రొట్టెల కింది సీసా బల్ల మీద పెట్టాడు. "అయితే నా పేరు వెనకాల..."

"నాదే పడతాది. నచ్చకుంటే చెప్పు, మార్చేస్తా."

"వద్దు, వద్దు!" అని అరిచినంత పని చేశాడు. అంతలోనే ఆమె తండ్రి గుర్తొచ్చాడు. "మన సంగతి మీ నాయనకు నువ్వే చెప్తావా?"

"మా నాయనకు లాటిన్ రాదప్పా," అంది ఓబులమ్మ. "తెలుగులో నువ్వే చెప్పల్ల. పద."