రెండు పిట్టలు, ఒకే సిస్టమ్

మైత్రీవనం కోచింగ్ సెంటర్లో కంప్యూటర్ ముందు నుంచి లేస్తే కంప్యూటర్ పోయినట్టే. ఇద్దరికి కలిపి ఒకటే సిస్టమ్ ఇస్తారు. ఇద్దరూ కదిలారంటే వెనక కాచుకున్న బ్యాచ్ వాళ్లు వచ్చి కూర్చుంటారు, చేసిన పని చెరిపేస్తారు కూడా. అందుకే ధాత్రి పొద్దుటి నుంచి మంచినీళ్లయినా తాగకుండా కూర్చుంది. పార్ట్‌నర్ దినేశ్ మాత్రం కనిపించినవాళ్లనల్లా పలకరిస్తూ తిరుగుతున్నాడు.

సాయంత్రం ప్రాజెక్ట్ చూపించాలి. అందరిలా లైబ్రరీ మేనేజ్‌మెంట్ చేసుకుంటే హాయిగా ఉండేది. "పిట్టలది చేద్దాం, మస్తుంటది" అన్నది ఈ మహానుభావుడే. కొండ అడవుల్లో పండ్లు తిని బతికే రెండు అరుదైన పక్షుల్ని పోలుస్తూ ఒక వెబ్ పేజీ. పేరు పెట్టడం అతని వంతు, తక్కినదంతా ఆమె వంతు.

పైగా నిన్న పంజాగుట్ట బస్టాపులో, ఆ వానలో, "నువ్వంటే నాకిష్టం. రేపు చెప్పు" అనేసి బస్సెక్కి పోయాడు. ఆమెకు రాత్రంతా నిద్ర లేదు. ఇష్టం లేక కాదు, ఉండబట్టే ఒళ్లు మండుతోంది. జీవితమంతా ఇలా తనొక్కతే కూర్చోవాలా?

"ధాత్రీ, అయిందా?" దినేశ్ నవ్వుతూ వచ్చాడు, జుట్టు నిండా చినుకులతో.

"ఇది చదువు."

"ఎర్ర పిట్ట, కాక్ ఆఫ్ ది రాక్. మగది కొమ్మ మీద డాన్స్ చేస్తది... అబ్బ, మస్తుంది!"

"కింద కూడా చదువు. గూడు కట్టేది, పొదిగేది, పిల్లల్ని సాకేది ఆడదొక్కతే. అయ్యగారు తొంగి కూడా చూడరు. ఇప్పుడు ఈ ఆకుపచ్చది చూడు, క్వెట్‌జల్. అంత పొడుగు తోక పెట్టుకుని కూడా చెట్టు తొర్రలో దూరి గుడ్ల మీద కూర్చుంటాడు. ఆడదానితో వంతులేసుకుని! నువ్వు ఏ పిట్టవి దినేశ్?"

అతని నవ్వు ఆగిపోయింది.

"నేను తినడానికి వెళ్తున్నాను" అంటూ ధాత్రి లేచింది. "సిస్టమ్ పోయిందంటే నీకు జవాబు కూడా లేనట్టే."

మెస్సులో కావాలనే ఆలస్యం చేసింది. తీరా పప్పన్నం సగంలోనే వదిలేసింది. దినేశ్ కుర్చీలోంచి లేచి ఉంటాడేమోనని మెట్లన్నీ పరుగున ఎక్కింది.

లేవలేదు. కుర్చీ చుట్టూ తర్వాతి బ్యాచ్ వాళ్లు నలుగురు నిలబడి "టైమైంది, లే భాయ్" అని అరుస్తున్నారు. దినేశ్ రెండు చేతులా టేబుల్ పట్టుకుని, చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. తనే ఏదో టైపు చేసినట్టున్నాడు, పేజీ సగం చెదిరిపోయి ఉంది.

"ఏంటిది దినేశ్? ఏం చేశావు?"

"పని చేద్దామని ఆగం జేసిన. తర్వాత తిట్టు. జర జల్దీ కూర్చో తల్లీ, బాత్రూంకు సుత పోలే!"

ధాత్రికి కోపం, నవ్వు కలిసి వచ్చాయి. అతన్ని పక్కకు నెట్టి కూర్చుంది.

"మరి జవాబు?" దినేశ్ తలుపు దగ్గర ఆగి, కాళ్లు కదుపుతూ అడిగాడు. నలుగురూ ఆమె వంకే చూస్తున్నారు.

"నాకూ ఇష్టమే! ముందు వెళ్లి రా బాబూ!"