మాస్టర్ ఇమేజ్

తిరుచానూరు లాడ్జి గదిలో ఏజెంట్ రూపేష్‌ను తలగడ అడ్డుపెట్టి కాల్చేశారు. అతను అక్కడున్నట్టు ఎవరో చెప్పారు.

గూఢచారి సంస్థ చీఫ్ స్టెల్లా ఏజెంట్ జయచంద్రను పిలిచి క్లుప్తంగా బ్రీఫింగ్ ఇచ్చింది.

"మన తీరంలోని రాడార్ కేంద్రాల కంప్యూటర్లను శ్రీ సిటీలో ఓ కంపెనీ చూసుకుంటుంది. ఒక కంప్యూటర్లో సిస్టమ్ మొత్తం సిద్ధం చేసి, ఆ డిస్క్‌కు అచ్చుగుద్దినట్టు కాపీ తీస్తారు. అదే మాస్టర్ ఇమేజ్. ఇవాళ అది కేంద్రాలన్నింటికీ వెళుతోంది. విదేశీ ముఠా అందులో తన ప్రోగ్రామ్ దూర్చింది. కాపీ పూర్తయితే రాడార్లన్నీ ఒక్కసారే గుడ్డివవుతాయి."

"కరెంటు తీసేస్తే?"

"బ్యాకప్ సర్వర్ అందుకుంటుంది. ఆపే పాస్‌వర్డ్ ఆ కంపెనీలో పనిచేసే లోహిత ఒక్కదానికే తెలుసు. ఆమె తండ్రి కనబడటం లేదు. మన టీమ్ వెతుకుతోంది."

లోహిత డబుల్ ఏజెంట్. ముఠా జీతం తింటూ స్టెల్లా టీమ్‌కు సమాచారమిచ్చేది. రూపేష్ ఆమెను పెళ్ళాడాలనుకున్నాడు. ఆ సంగతి చెప్పుకున్నది జయచంద్ర ఒక్కడికే.

నెరిసిన విగ్గు, ఆడిటర్ ఐడీ కార్డు, చెవిలో వినికిడి మెషిన్. జయచంద్ర శ్రీ సిటీ చేరాడు. ఆ మెషిన్‌లో వినిపించేది స్టెల్లా గొంతు.

సర్వర్ రూమ్‌లో లోహిత ఒక్కతే ఉంది. ఖరీదైన చీర, చెదరని లిప్‌స్టిక్. కళ్ళు మాత్రం ఏడ్చి ఏడ్చి వాచిపోయాయి. స్క్రీన్ మీద ఆకుపచ్చ గీత డెబ్భై శాతం దాటింది.

"తిరుచానూరులో మల్లెలు దొరుకుతాయా?" కోడ్ వాక్యం అడిగాడు.

"కనకాంబరాలే ఉండాయి." జవాబు చెబుతూనే పిస్టల్ ఎత్తింది. "దగ్గరికి రావద్దు, అన్నా."

"రూపేష్ యాడుండేది ఎవరు సెప్పినారు?" జయచంద్ర ఆమె యాసలోనే అడిగాడు.

"నేనే," అంది లోహిత. "కార్వేటినగరంలో మా నాయన్ను ముఠావోళ్ళు ఎత్తుకపోయినారు. రూపేష్ గది సెప్తే వదుల్తామన్నారు. సెప్పినా. వదల్లేదు. ఈ కాపీ అయిపోతే వదుల్తారంట."

"వాళ్ళ మాట నమ్ముతావా?"

"నమ్మక యాడికి పోయేది? ఇంక నాకు ఆయనొక్కడే ఉండాడు."

ఎనభై ఎనిమిది.

చెవిలో స్టెల్లా గొంతు పలికింది. "ఆమె తండ్రి చెంగల్రాయుడు దొరికాడు. ప్రాణం లేదు. ఎత్తుకెళ్ళిన రోజే చంపేశారు."

జయచంద్ర ముఖం మారనివ్వలేదు. నిజం చెబితే ఆ పిస్టల్ ఆమె తనమీదికే తిప్పుకుంటుంది. పాస్‌వర్డ్ ఆమెతోనే పోతుంది.

"మీ నాయన దొరికినాడు పాపా," అన్నాడు మెల్లగా. "మావాళ్ళ జీపులో ఉండాడు."

"నిజంగానా? ఏమన్నా తిన్నాడా? షుగరు మాత్ర ఏసుకున్నాడా?"

"ఇడ్లీ తిన్నాడు. మాత్ర కూడా ఏసుకున్నాడు."

ఆమె పిస్టల్ కింద పెట్టి కీబోర్డు మీదికి వంగింది. తొందరలో మొదటిసారి పాస్‌వర్డ్ తప్పింది. తొంభై ఎనిమిది. మళ్ళీ కొట్టింది. తొంభై తొమ్మిది దగ్గర గీత ఆగిపోయి ఎర్రబడింది.

లోహిత కుర్చీలో కూలబడి నవ్వింది. "ఒక్కసారి నాయనతో మాట్లాడించన్నా."

జయచంద్ర పిస్టల్ తీసి జేబులో వేసుకున్నాడు. విగ్గు తీసేసి, ఆమె ఎదుట నేలమీద కూర్చుని, ఉన్నదంతా చెప్పాడు.

ఆమె అరవలేదు. "మాత్ర ఏసుకున్నాడంటివే" అని మాత్రం అంది. పోలీసులు వచ్చి తీసుకెళుతున్నప్పుడూ అదే మాట.

అతను బయటికొచ్చి ఎండలో నిలబడ్డాడు.

"వెల్‌డన్," అంది స్టెల్లా. "మన వైపు నష్టమేమైనా ఉందా?"

"ఏం లేదు మేడమ్. కంప్యూటర్లన్నీ క్షేమం."