పెదవులు చూపిన వైపు

మారివిక్‌కు అన్నిటికన్నా పెద్ద భయం ఒక్కటే. తనకేదైనా అయితే తన కూతురు తాలా ఏమైపోతుందోనని.

ఓడ పనికి వెళ్ళిన భర్త ఇక తిరిగి రాడని కబురు వచ్చిన రోజు నుంచీ ఆ భయం ఆమెతోనే నిద్ర లేస్తోంది, ఆమెతోనే పడుకుంటోంది. తమ ఊరు ఇలోఇలోలో రోడ్డు దాటాలన్నా పిల్ల చెయ్యి నలిగిపోయేలా పట్టుకునేది. అలాంటి మనిషి అక్క లోర్నా పెళ్ళికని ఐదేళ్ళ పిల్లను వెంటబెట్టుకుని న్యూజీలాండ్ దాకా వచ్చింది. విమానం దిగేదాకా చేతిలో జపమాల వదిలితే ఒట్టు.

తీరా వచ్చి చూస్తే అక్క పనిచేసే చోటు అలాంటిది! నది మీద పాత వంతెన. జనం డబ్బిచ్చి మరీ కాళ్ళకు తాడు కట్టించుకుని, దాని మీంచి తలకిందులుగా దూకుతారు. ఒడ్డున ఉన్న క్యాంటీన్‌లో లోర్నా వంట చేస్తుంది. ఇంట్లో ఒంటరిగా తోచక మారివిక్ పిల్లను తీసుకుని రోజూ అక్కతో పాటే వచ్చేది.

మొదటిరోజే గొడవైంది.

సన్నగా వాన పడుతోంది. మారివిక్‌కి ఒక చేతిలో గొడుగు, ఇంకో చేతిలో తాలా. క్యాంటీన్‌కు అడ్డంగా ఆరడుగుల మనిషి నిలబడ్డాడు. మోచేతుల దాకా పచ్చబొట్లు, చేతిలో ఎర్ర స్కార్ఫు.

"ఇది ఎవరిదండీ? మెట్ల మీద పడుంది."

అది లోర్నాది. వేలు ఖాళీ లేదు. మారివిక్ తమ ఊళ్ళో అందరూ చేసేదే చేసింది. పెదవులు ముందుకు చాచి క్యాంటీన్ వైపు చూపించింది.

ఆ మనిషి మొహం ఎర్రగా కందిపోయింది. "అదేంటండీ! మా దగ్గర ముందు పేర్లు చెప్పుకుంటారు."

"నేను అటు చూపిస్తుంటే మధ్యలో పేర్లెందుకు?"

"ఎటు? నా వైపే కదా మూతి పెట్టారు!"

"మూతేంటి మూతి! మర్యాదగా మాట్లాడండి!"

గరిటెతో సహా లోర్నా పరుగెత్తుకొచ్చింది. సంగతి విని, పొట్ట పట్టుకుని నవ్వింది. "ఓరి రావిరీ! మావాళ్ళు దేన్నయినా పెదవులతోనే చూపిస్తారయ్యా. అది ముద్దు కాదు, అడ్రసు!"

వానలో తడుస్తూనే అతను స్కార్ఫు ఇచ్చేసి, వెనక్కి తిరిగి, స్తంభానికి గుద్దుకుని వెళ్ళిపోయాడు. తాలా గొల్లున నవ్వింది. మారివిక్‌కి కూడా నవ్వొచ్చింది కానీ గొడుగు కిందికి దించేసింది.

దూకేవాళ్ళ కాళ్ళకు తాడు కట్టే పని రావిరిది. మర్నాటి నుంచి అతనికి దిక్కులన్నీ మర్చిపోయే జబ్బు పట్టుకుంది.

"ఏవండీ, నది ఎటు?"

"మీ వెనకాలే. రోజూ చూస్తున్నారుగా?"

"అలా నోటితో కాదు, మీ ఊరి పద్ధతిలో చెప్పండి."

మారివిక్ బుద్ధిగా చూపుడువేలు చాచి చూపించేది. అతను ఉసూరుమంటూ తాడు దగ్గరికి పోయేవాడు.

పెళ్ళి దగ్గర పడింది. పెళ్ళయిన మర్నాడే మారివిక్ తిరుగు ప్రయాణం. ఒకరోజు రావిరి కాఫీ కప్పుతో వచ్చి ఎదురుగా కూర్చున్నాడు.

"ఒక్కసారి దూకి చూడకూడదా? భయమా?"

"పిల్ల ఉందండీ నాకు. సరే, ఇంతమందిని దూకిస్తారు కదా, మీరు దేనికీ భయపడరా?"

"విమానం," అన్నాడు తల దించుకుని. "ఇంతవరకూ ఎక్కలేదు. అవతలి దీవికైనా ఓడలోనే పోతాను."

"వంతెన మీంచి దూకుతారు, విమానం ఎక్కలేరా!"

"ఇక్కడ తాడు నేనే కడతాను. అక్కడ ఎవరు ఏం కట్టారో నాకేం తెలుసు?"

ఆమె పకపకా నవ్వింది. భర్త పోయాక అంత గట్టిగా నవ్వడం అదే మొదలు. వంటింట్లో లోర్నా గరిటె ఆపేసి వింది.

ఆ సాయంత్రం క్యాంటీన్ పక్కనున్న జారుడుబల్ల దగ్గర పిల్లలంతా అరుచుకుంటూ ఆడుతున్నారు. తాలా మాత్రం కింద నిలబడి చూస్తోంది.

"ఎక్కవేం?" అంది ఒక పాప.

"వద్దు. నేను పడితే మా అమ్మ ఏడుస్తుంది," అంది తాలా. "మేము ఏవీ ఎక్కము."

మారివిక్ గుండె కలుక్కుమంది. పిల్లకు ఏమీ కాకూడదని కాపలా కాస్తూ, తన భయమంతా దానికే నూరిపోసింది కాబోలు!

మర్నాడు పొద్దున ఆమె నేరుగా రావిరి దగ్గరికి వెళ్ళింది. "దూకుతాను. తాడు తెగదుగా?"

"తెగదు."

"ముడి ఊడదుగా?"

"ఒకరు కడితే ఇంకొకరు చూస్తారు. ఇద్దరూ సరే అంటేనే."

"కింద పడవలో ఎవరుంటారు?"

"ఎవరో ఒకరు."

"ఎవరో ఒకరు వద్దు. మీరుండండి."

రావిరి ఇంకో మాట మాట్లాడకుండా తాడు పని తనతో పాటు చేసే గ్లెనిస్‌కి అప్పజెప్పి, కిందికి మెట్లు దిగిపోయాడు.

బరువు చూసి, ఎర్ర మార్కర్‌తో చేతి మీద రాశారు. ఆ బరువును బట్టే తాడు. మారివిక్ ఆ అంకె ఎవరికీ కనపడకుండా చెయ్యి మడిచి చంకలో పెట్టుకుంది. గ్లెనిస్ నెరిసిన జుట్టు పెద్దావిడ. కాళ్ళకు తువ్వాలు చుట్టి, తాడు బిగించి, "చూడు తల్లీ, మేము ఎవర్నీ తొయ్యము. నువ్వే దూకాలి," అంది.

"కొంచెం తోస్తే బాగుండు కదండీ?"

"మా ఆయన్ని అయితే తోస్తాను. నిన్ను తొయ్యను."

కింద నది నీలంగా మెలికలు తిరుగుతోంది. దాని మీద గవ్వంత పడవ.  ఇక వెనక్కి తిరగబోతుంటే ఒడ్డు మీద నుంచి సన్నటి గొంతు వినపడింది. లోర్నా చంకలో తాలా!

"అమ్మా! నేను చూస్తున్నా!"

మారివిక్ కళ్ళు మూసుకోలేదు. దూకేసింది.

కేక సగం దాకా భయంగానే వచ్చింది. మిగతా సగం ఎప్పుడు నవ్వుగా మారిందో ఆమెకే తెలీదు. గాలి, నీళ్ళు, ఆకాశం, మళ్ళీ నీళ్ళు. తాడు ఆమెను దించింది, ఎత్తింది, ఊయలలో పాపాయిని ఊపినట్టు ఊపి నిదానంగా ఆపింది. జుట్టు నదికి వేలాడుతోంది. పడవలోంచి రావిరి కర్ర చాచాడు. వెనక తెడ్డు పట్టుకుని ముసలి నెవిల్.

"పట్టుకోండి! బాగున్నారా?"

"బాగున్నాను! మీరే తలకిందులుగా ఉన్నారు! అయ్యో, నా చేతి మీద బరువు చదివేశారా?"

"లేదు, మొహమే చూస్తున్నాను." అతను కర్రను కాస్త దగ్గరికి లాగాడు. "మారివిక్, ఎల్లుండి వెళ్ళిపోతారు కదా. ఇక్కడ... మీకు నచ్చినవాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

ఆమె చేతులు రెండూ కర్రను పట్టుకుని ఉన్నాయి. ఇంకేం చేస్తుంది? పెదవులు చాచి చూపించింది.

ఈసారి రావిరి తొందరపడదలచుకోలేదు. మెల్లగా వెనక్కి తిరిగి చూశాడు. "నెవిలా?"

"నన్ను లాగకండయ్యా," అన్నాడు నెవిల్. "పైన తాడు కట్టిన ఆవిడ నా పెళ్ళామే."

"నువ్వే మొద్దూ!" అని అరిచింది మారివిక్. మీరు కాస్తా నువ్వు అయిపోయిందని ఇద్దరికీ ఒకేసారి తెలిసింది. కర్ర నీళ్ళలో పడిపోయింది. దాన్ని పట్టుకునే హడావుడిలో రావిరి కూడా నదిలో పడ్డాడు.

ఆ మధ్యాహ్నం వీడియో కాల్‌లో ఇలోఇలో నుంచి అమ్మ అంతా విని, తడి బట్టల్లో చేతులు కట్టుకు నిలబడ్డ రావిరిని పైనుంచి కిందికి చూసింది.

"మనిషి బాగానే ఉన్నాడు. కానీ ఫోన్లో అల్లుడు నాకొద్దు. పిల్లనడగాలంటే అతను వాళ్ళమ్మను తీసుకుని, తినడానికేదైనా పట్టుకుని, మా ఇంటి మెట్లెక్కి రావాలి. రెండో పెళ్ళయినా మా పద్ధతి పద్ధతే."

రావిరి మొహం పాలిపోయింది. "ఓడ ఏమైనా ఉందా, లోర్నా?"

"లేదయ్యా."

మారివిక్ అతని తడి చొక్కా అంచు పట్టుకుంది. "నేను దూకాను. ఇక నీ వంతు. నిన్ను కూడా ఎవరూ తొయ్యరు."

చొక్కా అంచు మీదున్న ఆమె చేతిని అతను పట్టుకున్నాడు. "కింద ఎవరుంటారు?"

"నేనుంటాను."

ఇవాళ ఇలోఇలోలో అమ్మ పొద్దున్నే మెట్లు కడిగించింది. తాలా బడిలో జారుడుబల్ల దిగడం, మళ్ళీ ఎక్కడం, మళ్ళీ దిగడం. మారివిక్ ఒళ్ళో ఫోను. అందులో అతను ఇందాక పంపిన మాట: ఎక్కేశాను, తలుపు వేసేశారు.

మీలో ఎవరైనా ఆ విమానంలో ఉంటే ఒక్క ఉపకారం చేయండి. పచ్చబొట్ల చేతులతో కుర్చీని నలిపేస్తూ, ఒళ్ళో తేనె సీసా పెట్టుకుని ఒకతను కూర్చుని ఉంటాడు. పక్కన గురక పెడుతున్నది వాళ్ళమ్మ, ఆవిణ్ణి లేపకండి. అతన్ని మాత్రం ఒకసారి పలకరించండి. ఎక్కడికి బాబూ అని అడగండి. గొంతు పెగలక, చేతులు వదల్లేక, పెదవులు ముందుకు చాచి చూపిస్తాడు. తప్పుగా అనుకోకండి. బాగానే ఉన్నాడో లేదో చూసి, కాసిని మంచినీళ్ళు ఇప్పించండి.