నాన్న కోసం రాసిన డైరీ

"మా నాన్నని కావాలనే కోమాలో పెట్టారా? మీకేమైనా మతి ఉందా?"

ఐసీయూ నర్సుతో నేను మాట్లాడిన మొదటి మాట అది. మెట్ల మీద నుంచి పడి నాన్న తలకు దెబ్బ తగిలింది. మందులిచ్చి నిద్రలో ఉంచామని డాక్టరుగారు చెప్పి వెళ్లారు. నా కోపమంతా ఆమె మీద పడింది.

"మెదడు వాచిందండీ. వాపు తగ్గేదాకా దానికి విశ్రాంతి కావాలి. తగ్గాక మందు తగ్గిస్తాం."

"ఆపగానే లేస్తారా?"

"మీరేం చేస్తుంటారు?"

"లిఫ్టు మెకానిక్‌ని."

"లిఫ్టు మధ్యలో ఆగితే లోపలివాళ్లని తలుపు బద్దలుకొట్టి లాగేస్తారా?"

"అమ్మో! మెల్లగా అంతస్తుకి తెచ్చి అప్పుడు తీస్తాం."

"ఇదీ అంతే. రోజులు పట్టొచ్చు. లేస్తారని హామీ మాత్రం ఇవ్వలేను."

ఊరడించడానికైనా అబద్ధం ఆడలేదు. నా కోపం అక్కడే చల్లారింది.

మర్నాటి నుంచి రోజూ సాయంత్రం నాలుగింటికి, లోపలికి వదలగానే నా ప్రశ్నలు మొదలు. ఆకలేస్తుందా? కలలొస్తాయా? నొప్పి తెలుస్తుందా? ఆమె నాకు 'ప్రశ్నల పుట్ట' అని పేరు పెట్టింది. అయినా ఒక్కదానికీ విసుక్కోలేదు.

నాన్నను ముట్టుకునే ముందు ప్రతిసారీ చెప్పేది. "బాబాయ్‌గారూ, కుడిచెయ్యి ఎత్తుతున్నానండీ."

"ఆయనకి వినబడుతుందా?"

"కొందరికి వినబడుతుంది, కొందరికి లేదు. ఎవరికో తెలీదు కదా, అందుకే అందరికీ చెప్తాను."

ఆమెను 'సిస్టర్' అని పిలవడం ఆ రోజే మానేశాను.

మంచం పక్కన ఒక డైరీ పెట్టింది. "ఈ రోజులు ఆయనకి గుర్తుండవు. ఏం జరిగిందో రాయండి, లేచాక చదువుకుంటారు. మేమూ రాస్తాం," అంది. ఆఖరి మాట నా చెవికెక్కలేదు. నేను అప్పటికే తర్వాతి ప్రశ్న ఆలోచిస్తున్నాను.

నాలుగో రోజు పేజీలో రాశాను. "నాన్నా, ఇంత ఓపిక ఉన్న మనిషిని నేను చూడలేదు. నాకీవిడంటే చాలా ఇష్టం. నన్ను పెళ్లి చేసుకుంటారా అని అడిగే ధైర్యం మాత్రం లేదు. నువ్వు లేస్తే అమ్మకంటే ముందు నీకే చెప్తాను. లే నాన్నా."

తొమ్మిదో రోజు మందు తగ్గించడం మొదలుపెట్టారు. రెండు రోజులు చలనం లేదు. అమ్మ ఆయన పాదాలు వదల్లేదు. నా ప్రశ్నలన్నీ ఆగిపోయాయి. మూడో రోజు నాన్న కళ్లు తెరిచి నా వేలు నొక్కారు. చిన్నపిల్లాడిలా ఏడ్చాను.

వారానికి వార్డుకి మార్చారు. డ్యూటీ అయ్యాక ఆమె చూడటానికి వచ్చేసరికి, అమ్మ కళ్లజోడు పెట్టుకుని నాన్నకు డైరీ చదువుతోంది. నాలుగో రోజు పేజీ!

"అమ్మా, అది వద్దు!"

"ఉండరా!" అమ్మ నా చెయ్యి తోసేసింది. మొత్తం చదివేసి, ఆగింది. "కింద వేరే చేతిరాత ఉందే."

అదీ చదివింది. "బాబాయ్‌గారూ, ఈ రోజు మీకు జ్వరం లేదు. మీ అబ్బాయి నన్ను అడగని ప్రశ్న లేదు. అసలు ప్రశ్న మాత్రం మీకు రాశారు. మీరు లేచి, నన్నే అడగమని కాస్త చెప్పండి."

నాన్న గొంతు ఇంకా బొంగురుగానే ఉంది. "అడగరా," అన్నారు.

నోరు తెరిచాను. పుట్టలోంచి ఒక్క మాటా బయటికి రాలేదు.

"సరేనండీ," అందామె, చెవుల దాకా ఎర్రబడి. "జవాబు చెప్పేశాను. ప్రశ్న మెల్లగా అడగండి."