ఆరు గంటల మిస్డ్ కాల్

"దేశం కాని దేశం. ఆడ నీకేమన్నా అయితే నాకెవురు చెప్తారే?"

2008 జూలై మూడో తేదీ. మస్కట్ ఎయిర్‌పోర్టు బయట మల్లీశ్వరి అడిగిన మాట అది. అప్పటికి ఏమీ జరగలేదు.

కూతురు శ్రీలక్ష్మి నవ్వేసింది. "ఏమయితాదిమ్మా? పదైదు దినాలు. మేడం వాళ్ళమ్మ ఊరు సూసొస్తా. నీకు భయపడేదానికి ఏమీ దొరక్కపోతే దానికీ భయపడతావు నువ్వు."

తల్లీకూతుళ్ళది కడప జిల్లా రైల్వే కోడూరు. తల్లి మస్కట్ శివారు మబేలాలో ఒక ఒమానీ ఇంట్లో వంట చేస్తుంది. కూతురు మస్కట్‌లో ఒక స్కాట్లాండ్ ఇంజనీరు విల్లాలో మూడేళ్ళ పాపను చూసుకుంటుంది. ఆ ఇంటి ఐలీన్ మేడం పుట్టిల్లు స్కాట్లాండ్‌లో కిర్క్‌బ్రే అనే పాత సంత ఊరు. మేడం పాపను, శ్రీలక్ష్మిని తీసుకుని బయల్దేరింది. ఇంజనీరు సారు డ్యూటీ మీద ఇక్కడే ఉండిపోయాడు.

వెళ్ళే ముందు తల్లీకూతుళ్ళు ఒక ఏర్పాటు చేసుకున్నారు. రోజూ మధ్యాహ్నం మూడింటికి ఒక మిస్డ్ కాల్. ఒమాన్‌లో అప్పుడు ఇళ్ళన్నీ నిద్రపోతుంటాయి, పనివాళ్ళకు ఊపిరాడే వేళ అది. ఒక్క రింగు అంటే క్షేమం. ఎత్తకూడదు. తిరిగి చేయకూడదు. ఎత్తితే రోమింగ్‌లో బ్యాలెన్స్ ఊడ్చుకుపోతుంది. గల్ఫులో మనవాళ్ళందరిదీ అదే పద్ధతి.

*

జూలై ఇరవై. ఆదివారం. ఉదయం పదకొండు.

మస్కట్‌లోనే ఘాలా అనే చోట ఒక గోడౌన్ గేటు పక్కన సెక్యూరిటీ క్యాబిన్. లోపల వీరబ్రహ్మం. ఒకప్పుడు కడపలో హెడ్ కానిస్టేబుల్. ఇప్పుడు ఇక్కడ సెక్యూరిటీ సూపర్‌వైజర్. పాస్‌పోర్టు పోయినా, మనిషి పోయినా తెలుగువాళ్ళు ముందు ఆయన దగ్గరికే వస్తారు.

మల్లీశ్వరి కుర్చీలో కూర్చోలేదు. నిలబడే ఉంది.

"నా బిడ్డను ఏందో చేసినారన్నా."

"ఎవరు?"

"ఆ మేడమే. లేకుంటే ఆ డ్రైవర్ జిలాని. ఇద్దరూ కలిసి అయినా చేసుండొచ్చు."

"కూర్చో చెల్లెమ్మా. మొదటి నుంచి చెప్పు. మేడం ఎప్పుడొచ్చింది?"

"మొన్న శుక్రవారం పొద్దున. పాపను ఎత్తుకోని ఒక్కతే దిగింది."

"ఏమని చెప్పింది?"

"మంగళవారం ఆడ సంతంట. సంతలో జనం మధ్యన నా బిడ్డ సంచీ, ఫోనూ తీసుకోని ఎటో పారిపోయిందంట. లండన్‌లో ఎవుడో ఉండాడంట. నా బిడ్డకు లండన్‌లో ఎవురుండారన్నా? కోడూరు దాటితే దానికి నేనే!"

మల్లీశ్వరి సంచిలోంచి ఒక కాగితం తీసింది. ఇంగ్లీషులో టైపు చేసి ఉంది. వీరబ్రహ్మం రెండుసార్లు చదివాడు. నా కూతురు తన ఇష్టంతో వెళ్ళిపోయింది, ఆమె గురించి ఈ కుటుంబాన్ని నేను ఏమీ అడగను అని దాని సారాంశం.

"సంతకం ఎప్పటికి కావాలంట?"

"ఈ సాయంత్రం ఆరున్నరకి. చేస్తే సరే, లేకుంటే పారిపోయిందని పోలీసు కేసు పెడతాదంట. కేసు పడితే పిల్ల మళ్ళా ఈ దేశంలో అడుగు పెట్టలేదంట. చేసేద్దునా అన్నా?"

"చేస్తే నీ బిడ్డను ఇక వెతికే దిక్కుండదు. కన్నతల్లే ఒప్పుకుంది కదా అంటారు." ఆయన కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు. "ఫోన్ ఇట్లా ఇయ్యి."

మిస్డ్ కాల్స్ జాబితా తెరిచాడు. తేదీలు, టైములు పైకి చదివాడు.

పన్నెండో తేదీ, మూడు గంటలు. పదమూడు, మూడు గంటలు. పద్నాలుగు, మూడూ ఒకటి.

పదిహేను, మంగళవారం. ఏమీ లేదు.

పదహారు, సాయంత్రం ఆరూ ఒకటి. పదిహేడు, ఆరు. పద్దెనిమిది, ఆరూ రెండు. పంతొమ్మిది, ఆరు.

వీరబ్రహ్మం తల ఎత్తాడు. "నిన్న కూడా వచ్చింది?"

"అదే గదన్నా నా భయం! నా బిడ్డను చంపి, ఫోన్ దగ్గర పెట్టుకోని ఎవురో నన్ను మభ్యపెడతాండారు. వంటింట్లో ఉంటా. ఆరయితానే ఒక రింగు. పానం జల్లుమంటాది."

"ఎత్తలేదా?"

"ఒక రింగు గదా. ఎత్తగూడదు గదా."

ఆయన ఆమె వైపు చూశాడు. బిడ్డ పోయిందని గుండెలు బాదుకుంటూ కూడా మాట తప్పలేదు ఈ తల్లి!

"తిరిగి చేశావా?"

"మేడం చెప్పినప్పట్నుంచి నూరుసార్లు. స్విచ్చాఫ్."

"సాయంత్రం ఆరింటికి చేశావా?"

"ఆరింటికి వంటపని. రింగు వచ్చినాక ఏడుపు దిగమింగుకోని పది నిమిషాలకు చేసినా. అప్పుడూ స్విచ్చాఫే."

"వెళ్ళాక ఎప్పుడైనా మాట్లాడిందా?"

"మొదటి ఆదివారం మేడం వాళ్ళింటి ఫోన్లోంచి రెండు నిమిషాలు. ఊరి నడిమధ్యన రాతి స్తంభం, దాని చుట్టూ మెట్లు, ఎనిమిది నూర్ల ఏండ్ల నుంచి ఆడే సంతంట. గొర్రెలూ, జున్నుగడ్డలూ అమ్ముతారంట. సన్న వాన పడతానే ఉంటాదంట. రాత్రి పదికి కూడా వెలుతురుంటాదంట. అది ఇంటానే నాకు అనుమానమొచ్చింది. రాత్రి పదికి వెలుతురేందన్నా? ఇంకా ఇది సూడు."

ఒక ఫొటో. మేడం ఇచ్చిందే. వెనక రాతి గోపురం మీద పెద్ద గడియారం. ముందు నీలం స్వెటర్‌లో శ్రీలక్ష్మి. చేతిలోని ఫోన్ వైపు చూస్తోంది. మూలన తేదీ ఉంది. పదమూడు.

"ఆ పొద్దు నాకు మూడింటికి రింగిచ్చింది. ఫొటోలో ఫోన్ పట్టుకోనే ఉంది, గడియారంలో పన్నెండు. ఇది దొంగ ఫొటో అన్నా."

వీరబ్రహ్మం ఫొటోను వెలుతురు దగ్గర పెట్టి చూశాడు. జాబితా మళ్ళీ చూశాడు. మళ్ళీ ఫొటో చూశాడు.

"దొంగ ఫొటో కాదు చెల్లెమ్మా," అన్నాడు మెల్లగా. "పద, జిలానిని చూద్దాం."

*

మధ్యాహ్నం ఒకటీ ఇరవై. విల్లా వెనక కారు షెడ్డు.

జిలాని రాయచోటి కుర్రాడు. మల్లీశ్వరి చూపుకు నాలుగడుగులు వెనక్కి వేశాడు.

"ఏందక్కా అట్లా సూస్తావు? నేనేమన్నా మింగినానా మీ శ్రీలక్ష్మిని?"

"ఫోన్ కొనిచ్చింది నువ్వు గాదా?"

"కొనిచ్చినా. దుడ్లు తీసుకునే ఇచ్చినా. అది నేరమా?"

వీరబ్రహ్మం మధ్యలోకి వచ్చాడు. "శుక్రవారం ఎయిర్‌పోర్టు నుంచి సామాన్లు దించింది నువ్వేనా?"

"నేనే అన్నా. రెండు పెట్టెలు, పాప సంచి."

"పాప సంచి సర్దింది ఎవరు?"

"మేడమే. విప్పింది నేను. పాల సీసాలు కడగమని ఇచ్చింది. అడుగున శ్రీలక్ష్మి చార్జర్ ఉండింది. ఎర్ర దారం కట్టుకునేది గదా, అదే. నా దగ్గరే పెట్టినా."

"ఫోన్ తీసుకుని పారిపోయే పిల్ల చార్జర్ వదిలేసి పోతుందా?"

జిలాని నోరు తెరిచాడు. మల్లీశ్వరి షెడ్డు గోడ పట్టుకుంది.

"సారు ఇంటికొచ్చేది ఎప్పుడు?"

"అయిదింటికి."

"అయిదున్నరకి మేమొస్తాం. ఈలోపల శ్రీలక్ష్మి నంబరుకు ఒక రీచార్జ్ కొట్టు, అక్కడ ఎవరన్నా ఎత్తితే మాట తెగకూడదు."

*

సాయంత్రం అయిదూ ముప్పై అయిదు. విల్లా హాలు. ఏసీ చల్లగా ఉంది.

సోఫాలో ఐలీన్ మేడం. కిటికీ దగ్గర ఇంజనీరు సారు. జిలాని తలుపు పక్కన నిలబడి ఇరువైపులా మాటలు అందిస్తున్నాడు. టీపాయ్ మీద పెన్ను సిద్ధంగా ఉంది.

మేడం కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏడ్చినట్టుంది. నటిస్తాంది, అనుకుంది మల్లీశ్వరి. మరుక్షణం, నా బిడ్డ చచ్చిపోయిందని ఏడుస్తాందేమో అనుకుంది.

"మేడం, శ్రీలక్ష్మి పారిపోయింది ఎన్నింటికి?" వీరబ్రహ్మం ఇంగ్లీషులో అడిగాడు.

"మంగళవారం, పదకొండు ప్రాంతంలో."

"పోలీసులకు చెప్పారా?"

"లేదు. చిన్నపిల్ల కాదు తను. తన ఇష్టం."

"చార్జర్ మీ సంచిలోకి ఎలా వచ్చింది?"

మేడం భర్త వైపు చూసింది. "పొరపాటున వచ్చుండాలి."

ఇంజనీరు సారు కిటికీ వదిలి ముందుకొచ్చాడు.

వీరబ్రహ్మం ఫొటో టీపాయ్ మీద పెట్టాడు. "సార్, స్కాట్లాండ్ గడియారం ఇప్పుడు మనకన్నా మూడు గంటలు వెనక. ఇక్కడ మూడయితే అక్కడ పన్నెండు. శ్రీలక్ష్మి ఆ లెక్క మర్చిపోలేదు. అక్కడి పన్నెండుకు ఫోన్ పట్టుకుంది, ఇక్కడి మూడుకు తల్లికి రింగు అందింది. పద్నాలుగో తేదీ దాకా అంతే. పదహారు నుంచి రింగు ఆరింటికి వస్తోంది. అంటే అక్కడ మూడు."

జిలాని తెలుగులో చెప్పాడు.

"ఇప్పుడు రింగిచ్చే మనిషికి మూడింటికి అన్న మాట తెలుసు. ఎవరి మూడింటికో తెలియదు. ఆ ఊరి గడియారం చూసి రింగిస్తున్నారు. మూడింటికి, ఒక్క రింగు, ప్రతి రోజూ. ఈ సంగతి బయటివాళ్ళకు ఎవరు చెప్పగలరు? శ్రీలక్ష్మే చెప్పాలి. పారిపోయే పిల్ల అది చెప్పి పోదు. చంపినవాడు అది అడిగి చంపడు. తను చేయలేని స్థితిలో ఉండి, నమ్మకమైన మనిషికి అప్పజెప్పింది."

మేడం ఫొటో అందుకుని బోర్లించి పెట్టింది.

"చార్జర్ ఇక్కడికి వచ్చేసింది. అందుకే అక్కడున్న మనిషి ఫోన్ ఆపేసి ఉంచుతున్నారు. మూడింటికి ఒక్క నిమిషం తెరుస్తున్నారు."

టైము అయిదూ యాభై ఎనిమిది.

వీరబ్రహ్మం మల్లీశ్వరి ఫోన్ అందుకుని స్పీకర్‌లో పెట్టాడు. నంబరు నొక్కాడు. స్విచ్చాఫ్. మళ్ళీ. స్విచ్చాఫ్. అయిదూ యాభై తొమ్మిది. స్విచ్చాఫ్.

ఆరు గంటలు. మళ్ళీ నొక్కాడు.

రింగు.

మల్లీశ్వరి చేయి తెలియకుండానే కట్ చేయడానికి ముందుకు పోయింది. వీరబ్రహ్మం ఆ చేయి పట్టుకున్నాడు. రెండో రింగు. నాలుగో రింగు.

"హలో?" ఒక ముసలి గొంతు.

ఐలీన్ మేడం సోఫాలోంచి లేచింది. "మమ్!"

"ఐలీన్? ఈ నంబరు నుంచి నువ్వా? నేనిప్పుడే ఆ పిల్ల తల్లికి రింగివ్వబోతున్నా. అంబులెన్సు ఎక్కించేటప్పుడు కూడా ఇదే మాట, మూడింటికి ఒక్క రింగు, లేకపోతే అమ్మ చచ్చిపోతుందని. ఆ వార్డులో మొబైల్ పెట్టుకోనివ్వరు కదా. నువ్వు తల్లితో అంతా చెప్పావు కదూ?"

మేడం మళ్ళీ సోఫాలో కూర్చుంది.

"ఏ వార్డు? ఏం జరిగింది?" సారు గొంతు పెరిగింది.

ముసలావిడ చెప్పుకుపోయింది. సంత రోజు. వానకు తడిసిన రాతి మెట్లు. శ్రీలక్ష్మి పాపను చంకనెత్తుకుని, కూరగాయల సంచులు రెండు చేతులకు తగిలించుకుని దిగుతూ జారింది. పాపకు గీత కూడా పడలేదు. శ్రీలక్ష్మి ఎడమ తొడ ఎముక విరిగింది. ఆపరేషన్ అయింది.

"బతికుంది అక్కా!" జిలాని అరిచాడు. "కాలు ఇరిగిందంట. బతికే ఉంది!"

మల్లీశ్వరి నేల మీద కూలబడింది. నమ్మాలా? ఇది కూడా ఎవరో కల్పించిందేమో? "నా బిడ్డ గొంతు ఇనపడితేనే నమ్ముతా," అంది.

ఐలీన్ మేడం ముఖం చేతుల్లో దాచుకుంది. "ఊరు చూడ్డానికి వచ్చే మనిషని వీసా తీసుకున్నాం. అక్కడ పనిచేస్తూ పడిందని తెలిస్తే వీసా అధికారులు మమ్మల్ని వదలరు. తల్లి సంతకం ఉంటే ఎవరూ అడగరనుకున్నా. అది లేచాక నేనే టికెట్ పంపుదామనుకున్నా."

"నా కూతుర్ని చంకలో పెట్టుకుని పడింది," అన్నాడు సారు. వీరబ్రహ్మం జేబులోంచి తీసిచ్చిన సంతకం కాగితాన్ని నిలువుగా చింపాడు. అత్తగారు చెప్పిన వార్డు ఫోన్ నంబరును ఇంటి ఫోన్ నుంచి తిప్పాడు.

ఆరూ పది. నర్సు ఎత్తింది. ఉండమంది.

స్పీకర్‌లో ఏమీ లేదు. ఆరూ పదకొండు. ఎక్కడో తలుపు కిర్రుమంది. మళ్ళీ ఏమీ లేదు. ఆరూ పన్నెండు. జిలాని గోడ గడియారం వైపు చూశాడు. మల్లీశ్వరి ఫోన్ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది.

"శ్రీలక్ష్మీ," అంది.

ఫోన్‌కు ఇంకా దగ్గరగా వంగింది.

"మే, శ్రీలక్ష్మీ! ఉండావా?"

చక్రాల మంచం కదిలిన చప్పుడు. ఎవరో ఫోన్ చేతులు మార్చుకున్నారు. ఊపిరి వినిపించింది. మల్లీశ్వరి కళ్ళు మూసుకుంది.

"ఇరిగింది కాలేమ్మా," అంది ఆ గొంతు చివరికి, బొంగురుగా. "చెవులు బాగుండాయి. తిట్టేదంతా తిట్టు."