పదకొండు రోజుల ఉప్పు

మొదటి షిఫ్టు సైరన్ ఇంకా మోగలేదు. కంపెనీ క్వార్టర్ వంటింట్లో రాగిజావ కాస్తున్న సారవ్వ ఒకసారి గుమ్మం వైపు చూసింది. ఎవరూ లేరని రూఢి చేసుకుని, భర్త తాగే పెద్ద స్టీలు గ్లాసులో రెండు చెంచాల ఉప్పు వేసి గబగబా తిప్పింది. ఇవాళ్టికి పదకొండో రోజు.

భర్త నర్సింగానికి యాభై ఏడేళ్లు. బొగ్గుబాయిలో ఫిట్టర్. ఆర్నెల్ల కింద డ్యూటీలో కళ్లు తిరిగి పడిపోతే బీపీ అన్నారు. ఉప్పు తగ్గించమన్నారు. ఇంట్లోవాళ్లు వెంటపడి మెడికల్ బోర్డుకు అర్జీ పెట్టించారు. బోర్డు అన్‌ఫిట్ రాస్తే తండ్రి నౌకరి కొడుక్కి వస్తుంది. గనుల ఊళ్లో అందరికీ తెలిసిన దారే అది. కానీ ఈ పెద్దమనిషి అర్జీ మీద సంతకం పెట్టిన మర్నాడే బీడీ మానేశాడు, చక్కెర మానేశాడు, రోజూ పొద్దున్నే స్టేడియం చుట్టూ నడక మొదలుపెట్టాడు. మనిషి నూటయాభై ఏళ్లు బతికే రోజులొస్తాయని పేపర్లో పడ్డ ముక్కల్ని కత్తిరించి గోడకు అంటించాడు. బీపీ దిగొచ్చింది. రోగం నయమైతే ఇంటిల్లిపాదీ దిగులుపడటం ఎక్కడైనా ఉంటుందా? ఈ ఇంట్లో ఉంది.

బోర్డు పిలుపు సోమవారానికి వచ్చింది, కొత్తగూడెం పోవాలి. కొడుకు జైపాల్‌కు వచ్చే నెలలో ముప్పై అయిదు నిండుతాయి. ఆ వయసు దాటితే వారసుడి నౌకరి రాదు. కోడలు మమత, నౌకరి కాగితం చూశాకే వస్తానని నస్పూర్‌లో పుట్టింట్లో కూర్చుంది. ఇటు కొడుకు బతుకు, అటు మొగుడి ప్రాణం. సారవ్వకు ఏ పక్కకూ కదిలే చోటు లేదు.

నర్సింగం చెమటలు కక్కుతూ, హుషారుగా లోపలికి వచ్చాడు.

"ఏమే, ఇయ్యాల పేపర్ల చూసినవా? గుండె, కిడ్నీ అన్నీ కొత్తయి తయారు చేసి పెడ్తరట. ఇంజన్ల బేరింగ్ అరిగితే మేం మార్చమా? మనిషికి గూడ గట్లనే!"

పవర్‌ప్లాంటులో కాంట్రాక్టు పనికి బయలుదేరుతున్న జైపాల్ చొక్కా గుండీలు పెట్టుకుంటూ ఆగిపోయాడు.

"నూటయాభై ఏండ్లు బతికి ఏం చేస్తవ్ బాపూ?"

"బతుకుత. మా అయ్య నలభై ఆరేండ్లకే దగ్గి దగ్గి పాయె. గా చావు కండ్లార చూసినోన్ని నేను."

"మరి నేనెప్పుడు బతకాలె? పన్నెండేండ్ల సంది బూడిద ఎత్తుతున్న. రమ్మంటే పోవాలె, వద్దంటే ఇంట్ల పండాలె. పెండ్లాం ఇంటికి రాదాయె. నీకేమో నడకల ఫికర్!"

"లేని రోగం యాడికెల్లి తేవాల్రా? డాక్టరు ముందట దొంగ దగ్గు దగ్గాల్నా?"

"ఇగ ఊకోండ్రి, వాడకట్టంత ఇంటాంది" అంటూ సారవ్వ గ్లాసు తెచ్చి స్టూలు మీద పెట్టింది. అరిచి అరిచి గొంతెండిన జైపాల్ చేతికందిన ఆ గ్లాసే ఎత్తాడు. "అది నీది కాదు బిడ్డా!" అనేలోపే ఒక గుక్క తాగి, వాకిట్లోకి పోయి ఉమ్మేసి వచ్చాడు.

"థూ! ఏందవ్వా గిది? జావనా, ఉప్పునీళ్లా?"

సారవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గోడకు జారబడింది. జైపాల్ గ్లాసును చూశాడు, తల్లిని చూశాడు. ముఖం పాలిపోయింది.

"బాపుకు బీపీ పెరగాలెననా?"

"నీ కోసమే బిడ్డా. సోమారం దాకనే, గంతే అనుకున్న" అని ఏడ్చింది.

నర్సింగం కోప్పడలేదు. కొడుకు చేతిలోని గ్లాసు కోసం చెయ్యి చాపాడు.

"ఇటియ్యిరా. సల్లారుతాంది."

"నీకు ఎరుకేనా బాపూ?"

"నాకు నాలుక లేదా? మొదటినాడు పారబోద్దామనుకున్న. మీ అవ్వ మొఖం చూసి తాగిన. నా నౌకరి తీసుకోరా అనేటందుకు నోరు రాలే నాకు." ఆయన చాపిన చెయ్యి వెనక్కి తీసుకోలేదు. "పొద్దుగాల నడుస్త, వచ్చి గిది తాగుత. నాకు బతకాలెననీ ఉన్నది, నువ్వు బతకాలెననీ ఉన్నది. రెండు ఎట్లయితయో నాకు తెల్వదు బిడ్డా."

సారవ్వ గుండె చెరువైపోయింది. పదకొండు రోజులు తాను దొంగతనంగా కలిపిందంతా ఆయన తెలిసే తాగాడు!

జైపాల్ వాకిట్లోకి వెళ్లి జావ కుమ్మరించాడు. తిరిగొచ్చి తండ్రి కాళ్ల దగ్గర కూలబడి వెక్కి వెక్కి ఏడ్చాడు.

"నిన్ను సంపుకొని నేను బాయిల దిగాల్నా? సోమారం పో బాపూ, ఉన్నదున్నట్టు చూపెట్టు. ఫిట్ అంటే ఫిట్టే. మమతకు నేనే చెప్త."

"రానంటే?"

"ఏమంటదో, పోయి అడుగుత."

సైరన్ మోగింది. సారవ్వ కళ్లు తుడుచుకుని మళ్లీ జావ కాచింది. ఉప్పుడబ్బా మూత తీసి అలాగే నిలబడిపోయింది. ముప్పై ఆరేళ్లుగా వేళ్లకు తెలిసిన కొలత ఇవాళ గుర్తు రావడం లేదు.

"ఏమయ్యా, గీ ఉప్పు నువ్వే ఎయ్యి. నా చెయ్యి మీద నాకే నమ్మకం లేదు."

నర్సింగం వంటింటి గుమ్మంలోకి వచ్చాడు. "నువ్వే ఎయ్యవే. చిటికెడు."

ఆమె చిటికెడు వేసింది. ఆయన గ్లాసు అందుకుని, రుచి చూడకుండానే గటగటా తాగేశాడు. మూతి తుడుచుకుని, "జల్ది టిఫిన్ డబ్బా ఇయ్యి, డ్యూటీకి ఆలస్యమైతాంది" అన్నాడు. డబ్బా అందిస్తూ సారవ్వ బావురుమంది.