ఒకే స్ఫటికం, రెండు రీడింగులు

"పెట్టెతో బోటెక్కితే కాల్చెయ్. ఆమె ఎటు తిరిగిందో మనకు తెలీదు."

చెవిలోని రిసీవర్‌లో చీఫ్ అంతే చెప్పాడు. చేపల బేరగాడి వేషంలో పులికాట్ ఒడ్డున కూర్చున్న ఏజెంట్ సెవంటీన్, అసలు పేరు పెంచలకృష్ణ, ఐసుపెట్టెలోని పిస్టల్ మీద చెయ్యి వేశాడు.

ఆమె తెస్తున్న పెట్టెలో బియ్యపుగింజంత కోబాల్ట్ ఆక్సైడ్ స్ఫటికం ఉంది. దానిలో పరమాణువులు మూడేసి త్రికోణాల్లా కూర్చుంటాయి. ప్రతిదీ చిన్న అయస్కాంతమే, పక్కదానికి ఎదురు తిరగాలనే చూస్తుంది. రెండు తిరిగాక మూడోది ఎటు తిరిగినా తప్పే. అక్కడక్కడా వేరే లోహం చొరబడటంతో ఆ గజిబిజి ఏ రెండు స్ఫటికాల్లోనూ ఒక్కలా ఉండదు. అందుకే నేవీ దాన్ని రహస్య సంకేతాలకు తాళంచెవి చేసుకుంది. విదేశీ ముఠాకి అందిందా, మన నౌకల మాటలన్నీ వాళ్ల చెవిన పడ్డట్టే.

దాన్ని తయారుచేసింది తడ దగ్గరి ల్యాబులో ముత్యాలయ్యగారు. ఒకే స్ఫటికానికి రెండు రీడింగులు చూపించాడు, అసలుది మార్చేసిన దొంగ అని నిరుడు పైకి రాసింది కృష్ణే. ఆయన ఉద్యోగం పోయింది, నెల తిరక్కుండా పక్షవాతం వచ్చింది. అయస్కాంతం పక్కన పెట్టి చల్లబరిస్తే ఒక రీడింగు, పెట్టకుండా చల్లబరిస్తే మరొకటి రావడం దాని గుణమేనని కృష్ణకి తర్వాత తెలిసింది. తెలిసీ నోరు మెదపలేదు. ఆ తప్పు లోపల తొలుస్తూనే ఉంది.

పెట్టె తెస్తున్న ఎలిశబెతు ఆయన శిష్యురాలు, ఇప్పుడు ముఠాలో చేరిన డబుల్ ఏజెంట్. నల్లకళ్లద్దాలు, ఎర్రచీర. ఆమె నడిచి వస్తుంటే రేవంతా తల తిప్పింది.

"పండుగప్ప ఉందా?" కోడ్ అడిగింది.

"ఐసులో ఉండాది, అక్కా."

ఆమె గొంతు తగ్గించింది. "సారుని నమ్మలేదు నువ్వు. నన్నైనా పడమటి పాయ దాకా నమ్ము."

ముఠా తెచ్చిన బోటెక్కింది. చీఫ్ కాల్చమన్నాడు. కృష్ణ ఆమె వీపుకి గురిపెట్టాడు. అర్థంకాని రెండు రీడింగులను బట్టి నిరుడు ఒక మనిషి బతుకు నాశనం చేశాడు. ట్రిగ్గర్ మీది వేలు తీసేసి, కోస్ట్‌గార్డ్‌కి కబురుపెట్టి, ఒక నాటుపడవలో బోటు వెనకే వెళ్లాడు.

జాలర్ల వేషంలోని ముఠా, ఆమె చూపిన పడమటి పాయలో అనుమానం రాకుండా వల విసిరింది. ఆ నీళ్లలో ఏ రోజు ఏ ఊరి వల పడాలో చీటీలేసి వంతులు పెట్టుకుంటారు. ఇవాళ వంతు ముత్యాలయ్యగారి ఊరిది. పది నిమిషాల్లో ఇరవై పడవలు బోటుని చుట్టేశాయి. ముందు పడవలో ఆయన అక్క నాగులమ్మ.

"ఎవురిని అడిగి ఏసినారు వల?" తెడ్డు అడ్డం పెట్టింది. "పెద్దలు తేల్చిందాకా బోటు కదిలేది లేదు."

మోసం అర్థమైన ముఠా నాయకుడు ఎలిశబెతు కణతకి పిస్టల్ ఆనించాడు. ఈసారి కృష్ణ ట్రిగ్గర్ నొక్కాడు. తూటా నాయకుడి మణికట్టుకి తగిలింది. అప్పటికి కోస్ట్‌గార్డ్ బోట్లు వచ్చేశాయి.

ఎలిశబెతు పెట్టె కృష్ణ ఒళ్లో పెట్టింది. "సారుకి చెయ్యి ఆడదు గానీ మాట వినపడతాది. పోయి చెప్పు."

కృష్ణ తలెత్తలేకపోయాడు.

రిసీవర్ పలికింది. "శభాష్, సెవంటీన్. రిపోర్టు పంపు."

"రెండు పంపుతాను సార్. ఇవాళ్టిది ఒకటి, నిరుడు నేను రాసిన తప్పుకి ఒకటి."

చీఫ్ అనుమానంగా అడిగాడు. "ఒకే ఏజెంటు, రెండు రిపోర్టులా?"